ఆఫీసులో మీ అర్జీ కొట్టేశారా? అప్పీలు దాకా ఏం చేయాలి, ఏ వరసలో చేయాలి

"మ్యుటేషన్ (భూమి రికార్డులో పేరు మార్పు) రిజెక్ట్ చేశారండీ ఇప్పుడేం చేయాలి", "పెన్షన్ లిస్టులోంచి పేరు తీసేశారు ఎవర్ని కలవాలి", "ఆరు నెలల నుంచి ఫైలు కదలట్లేదు, ఎమ్మెల్యే గారితో చెప్పిస్తే పనవుతుందా" అని అడిగేవాళ్లు ఎంతకీ తగ్గట్లేదు కాబట్టి అన్నీ ఒకచోట రాసి పెడుతున్నా. ఏపీ, తెలంగాణ రెండు రాష్ట్రాలవాళ్లకీ పనికొస్తుంది, సెంట్రల్ గవర్నమెంటు ఆఫీసుల సంగతి అక్కడక్కడ చెప్తా. లాయరు దగ్గరికి వెళ్లేలోపు మీరే చేసుకోగలిగిన పని, చేసుకోవాల్సిన పని ఇది.

మొదలుపెట్టే ముందు ఒకటి బుర్రలో పెట్టుకోండి. అర్జీ వేరు, అప్పీలు వేరు. తెలంగాణలో సోమవారం ప్రజావాణిలో ఇచ్చేది, ఆంధ్రాలో పీజీఆర్‌ఎస్ అనే ఫిర్యాదుల వ్యవస్థలో ఇచ్చేది, సెంట్రల్ గవర్నమెంటు ఫిర్యాదుల పోర్టల్ సీపీగ్రామ్స్‌లో పెట్టేది అన్నీ అర్జీలే. కలెక్టరు గారే స్వయంగా తీసుకున్నా సరే, దాని మీద "పరిశీలించి తగు చర్య తీసుకోగలరు" అని రాసి కిందికి పంపుతారు, అంటే తిరిగి తిరిగి మీ పని కొట్టేసిన ఆఫీసరు టేబుల్ మీదికే వస్తుంది, ఆయన "నిబంధనల ప్రకారం తిరస్కరించడమైనది" అని రాసేస్తాడు, పోర్టల్‌లో "పరిష్కరించబడినది" అని పచ్చ రంగులో కనిపిస్తుంది. అప్పీలు అలా కాదు, ఫలానా చట్టంలో ఫలానా సెక్షన్ కింద, ఫలానా గడువులోపు ఇస్తే, పై ఆఫీసరు మీ మాట విని రాతపూర్వకంగా ఆర్డరు ఇచ్చి తీరాలి. జనం అర్జీల చుట్టూ తిరుగుతూ ఉంటారు, అప్పీలు గడువు చప్పుడు లేకుండా అయిపోతుంది. ఈ మొత్తం రాతలో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి.

ముందు ఇవి దగ్గర పెట్టుకోండి

- మీరు పెట్టిన దరఖాస్తు కాపీ, దాని రసీదు (మీసేవ రసీదు, సచివాలయం రసీదు, ఏదైనా సరే అప్లికేషన్ నంబరు కనపడాలి)
- దరఖాస్తుతో పాటు ఇచ్చిన కాగితాల జిరాక్సులు, ఆన్‌లైన్ అయితే అప్‌లోడ్ అయిన లిస్టు స్క్రీన్‌షాట్
- ఆఫీసు నుంచి వచ్చిన ప్రతి కాగితం, అది వచ్చిన కవరుతో సహా. కవరు పారేయకండి, దాని మీద పోస్టాఫీసు ముద్రే మీకు ఎప్పుడు అందిందో చెప్పే సాక్ష్యం
- ఎస్ఎంఎస్‌లు డిలీట్ చేయకుండా, తేదీ కనపడేలా స్క్రీన్‌షాట్లు
- ఒక నోటుబుక్కు. ఏ రోజు వెళ్లారు, ఏ సెక్షన్‌లో ఎవర్ని కలిశారు, ఏమన్నారు, అంతే

1. ఆర్డరు కాగితం చేతికి తెచ్చుకోండి

"రిజెక్ట్ అయిందంట" అనే మాట మీద ఎవరూ అప్పీలు వేయలేరు. పోర్టల్‌లో స్టేటస్ చూపిస్తుంది కదా అంటారు, అందులో చాలాసార్లు "నాట్ ఎలిజిబుల్" అనో "అదర్ రీజన్స్" అనో రెండు ముక్కలుంటాయి, అది ఆర్డరు అవ్వదు. ఆఫీసుకి వెళ్లి ప్రొసీడింగ్స్ (ఉత్తర్వు) కాపీ గానీ ఎండార్స్‌మెంట్ (రాతపూర్వక జవాబు) గానీ ఇవ్వమని రాతపూర్వకంగా అడగండి. దాని మీద ఆర్‌సీ నంబరు (ఆఫీసు ఫైలు నంబరు), తేదీ, సంతకం చేసిన ఆఫీసరు హోదా ఉన్నాయో లేదో చూసుకోండి. ఎల్.డిస్ అని పడి ఉంటే వాళ్ల లెక్కలో ఆ ఫైలు మూసేసినట్టే, ఇంకా నడుస్తోందని క్లర్కు చెప్పినా నమ్మి కూర్చోకండి.

కాగితం ఎందుకంత ముఖ్యమంటే, ఆర్డరులో రాసిన కారణాలతోనే ఆఫీసు నిలబడాలి, తర్వాత కోర్టుకొచ్చి అఫిడవిట్లో కొత్త కారణాలు కలపడానికి వీల్లేదు. మొహిందర్ సింగ్ గిల్ కేసులో సుప్రీంకోర్టు 1977 చివర్లోనే ఈ మాట చెప్పేసింది, ఇప్పటికీ ప్రతి రిట్‌లోనూ (ప్రభుత్వ చర్య మీద హైకోర్టులో వేసే పిటిషన్) వాడతారు. అంటే ఆర్డరు ఎంత బలహీనంగా రాస్తే మీకు అంత మంచిది, కాకపోతే అది మీ చేతిలో ఉండాలి.

అడిగినా ఇవ్వట్లేదు అంటే స్టెప్ 4కి వెళ్లండి, ఆర్టీఐతో (సమాచార హక్కు చట్టం) లాగొచ్చు.

అసలు ఏ నిర్ణయమూ చేయకుండా నాన్చుతుంటే? అప్పుడు అప్పీలు వేయడానికి ఏమీ లేదు, అది వేరే దారి, స్టెప్ 9లో ఉంది.

2. గడువు లెక్కపెట్టండి, ఈరోజే

ఎక్కువమంది కేసు పోగొట్టుకునేది ఇక్కడే, మెరిట్ మీద కాదు.

మామూలుగా గడువు ఆర్డరు మీదున్న తేదీ నుంచి కాకుండా అది మీకు అందిన తేదీ నుంచి నడుస్తుంది, అయినా మీ చట్టంలో ఏమని ఉందో ఒకసారి చూసుకోండి. అందిన రోజుని లెక్కలో తీసేయాలి. ఉదాహరణకి మార్చి 3న అందింది, గడువు 60 రోజులు అనుకోండి. మార్చి 4 మొదటి రోజు, మార్చి అయ్యేసరికి 28, ఏప్రిల్‌తో 58, మే 2తో 60. గడువు 30 రోజులే అయితే ఏప్రిల్ 2. ఆఖరి రోజు ఆఫీసుకి సెలవైతే తర్వాతి పనిరోజు ఇవ్వొచ్చు, కానీ ఆ ధైర్యం మీద ఆఖరి రోజు దాకా ఆగొద్దు, సర్వరు డౌన్ అయ్యేది ఆ రోజే.

కొన్ని గడువులు ఇక్కడ రాస్తున్నా:

- ఆంధ్రాలో 1971 ఆర్ఓఆర్ (భూమి హక్కుల రికార్డు) చట్టం కింద తహసీల్దారు ఇచ్చిన మ్యుటేషన్ ఆర్డరు మీద ఆర్డీవోకి 60 రోజులు
- జీఎస్టీ ఆర్డరు మీద మూడు నెలలు, సరైన కారణం చూపిస్తే ఇంకో నెల, ఆ తర్వాత అప్పీలు అధికారికి కూడా మాఫీ చేసే పవర్ లేదు
- ఆర్టీఐలో మొదటి అప్పీలు 30 రోజులు, రెండోది 90 రోజులు
- సెంట్రల్ ఉద్యోగులు క్యాట్‌కి (సర్వీసు గొడవలు వినే సెంట్రల్ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్) వెళ్లాలంటే ఫైనల్ ఆర్డరు నుంచి ఏడాది

గడువు దాటిపోయిందా? చాలా చట్టాల్లో ఆలస్యాన్ని మాఫీ చేయమని విడిగా పిటిషన్ పెట్టుకునే వీలుంది. అందులో "ఆరోగ్యం బాలేదు" అని ఒక్క లైను రాస్తే సరిపోదు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎందుకు, దానికి కాగితం ఏది, అని వరసగా చెప్పాలి. మీ నోటుబుక్కు పనికొచ్చేది ఇక్కడే.

ఇంకో భ్రమ కూడా ఉంది. "నెలనెలా రిప్రజెంటేషన్ (విన్నపం) పెడుతూనే ఉన్నాం కదా, కేసు బతికే ఉంటుంది" అనుకుంటారు. ఉండదు. పాత క్లెయిమ్ మీద ఇప్పుడు అర్జీ పెట్టి, దానికి వచ్చిన జవాబు చూపించి గడువు కొత్తగా మొదలైందని అనడం కుదరదని సుప్రీంకోర్టు సి. జేకబ్ కేసులో 2008లో గట్టిగానే చెప్పింది. అర్జీలు పెట్టుకోండి తప్పులేదు, క్యాలెండరు మాత్రం మొదటి ఆర్డరు తేదీ నుంచే చూసుకోండి.

3. అప్పీలు ఎవరికో తేల్చుకోండి

ముందు ఆర్డరు కాగితం అడుగున చూడండి, కొన్నిసార్లు "దీనిపై ఫలానా వారికి ఇన్ని రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు" అని ఉంటుంది. లేకపోతే ఆర్డరులో ఏ చట్టం, ఏ సెక్షన్ అని రాశారో చూసి ఆ చట్టంలో "అప్పీల్" అనే హెడ్డింగు వెతకండి. అదీ కనపడకపోతే ఆర్టీఐలో నేరుగా అదే అడగండి.

రేషన్, అంగన్‌వాడీ లాంటి ఆహార భద్రత విషయాలైతే 2013 చట్టం కింద జిల్లా స్థాయిలో గ్రీవెన్స్ రిడ్రెసల్ ఆఫీసరు, ఆ పైన రాష్ట్ర ఫుడ్ కమిషన్ ఉన్నాయి. పాస్‌పోర్టుకి 1967 చట్టంలోనే అప్పీలు ఉంది. సెంట్రల్ గవర్నమెంటు ఉద్యోగుల సర్వీసు గొడవలు క్యాట్ హైదరాబాద్ బెంచికి. రాష్ట్ర ఉద్యోగులకి ఇదివరకు విడిగా ట్రిబ్యునల్ ఉండేది, రెండు రాష్ట్రాల్లోనూ ఎత్తేశారు, ఇప్పుడు డిపార్టుమెంటు అప్పీలు అయ్యాక నేరుగా హైకోర్టే. క్యాట్‌లో ఓడినా అక్కడితో అయిపోదు, 1997లో ఎల్. చంద్రకుమార్ తీర్పు తర్వాత ట్రిబ్యునల్ ఆర్డర్ల మీద హైకోర్టుకి వెళ్లొచ్చు.

భూమి విషయంలో మాత్రం జాగ్రత్త, ఎందుకంటే మీ అప్పీలు వినేది ఎవరు అన్నదే రెండు రాష్ట్రాల్లోనూ ఎలక్షన్ల సబ్జెక్టు అయి కూర్చుంది. తెలంగాణలో 2020 చట్టం రెవెన్యూ కోర్టుల్ని తీసేసింది, ధరణి అనే భూ రికార్డుల పోర్టల్‌లో తప్పు పడితే ఎవరికి చెప్పుకోవాలో తెలియక జనం తిరిగారు, 2023 ఎన్నికల్లో అదే పెద్ద గొడవ, 2025లో భూభారతి చట్టం తెచ్చి మళ్లీ అప్పీళ్లు పెట్టారు. ఆంధ్రాలో ల్యాండ్ టైట్లింగ్ చట్టం సివిల్ కోర్టుల్ని పక్కనపెట్టి వివాదాల్ని అధికారుల చేతికే ఇస్తోందని లాయర్లు సమ్మె చేశారు, 2024 ఎన్నికల ప్రచారమంతా అదే మోగింది, ప్రభుత్వం మారగానే చట్టం రద్దయింది. అప్పీలు అనేది ఏదో టెక్నికల్ విషయం అనుకునేవాళ్లకి ఈ రెండు చాలు. మీకు కావాల్సింది మాత్రం ఒక్కటే, మూడేళ్ల కింద మీ బంధువు వేసిన అప్పీలు ఫార్మాటు చూసి కాపీ కొట్టకండి, ఈరోజు ఏ చట్టం నడుస్తోందో చూసుకుని వేయండి.

4. ఫైలు బయటికి తీయండి

ఆర్డరులో రెండు లైన్లే ఉండొచ్చు, అసలు కథంతా ఫైల్లో ఉంటుంది. సమాచార హక్కు చట్టం కింద మీ ఫైలు మీరు అడగొచ్చు, ఎందుకు కావాలో చెప్పక్కర్లేదు. రెండు రాష్ట్రాల్లో గ్రామ స్థాయి ఆఫీసుకి ఫీజు లేదు, మండల స్థాయికి 5 రూపాయలు, ఆ పైన 10 రూపాయలు, దారిద్ర్య రేఖ కింద ఉన్నవాళ్లకి ఫ్రీ.

"ఎందుకు తిరస్కరించారు?" అని అడిగితే "అభిప్రాయాలు ఇవ్వబడవు" అని జవాబొచ్చే ఛాన్సు ఎక్కువ. కాగితాలు అడగండి, ముఖ్యంగా నోట్‌ఫైలు, అంటే మీ ఫైలు మీద ఆఫీసువాళ్లు లోపల రాసుకున్న నోట్లు. ఇలా రాయొచ్చు:

"1) నేను ఫలానా తేదీన ఇచ్చిన, ఫలానా నంబరు గల దరఖాస్తుకి సంబంధించిన నోట్‌ఫైలు, కరెస్పాండెన్సు ఫైలు మొత్తం కాపీలు. 2) దానిపై జరిగిన ఫీల్డు విచారణ రిపోర్టు కాపీ. 3) తిరస్కరణ ఉత్తర్వు కాపీ, అది నాకు పంపినట్టు చూపే డిస్పాచ్ రిజిస్టరు పేజీ కాపీ. 4) ఈ ఉత్తర్వుపై అప్పీలు వినే అధికారి హోదా, అప్పీలు గడువు."

మూడోది చిన్నదిలా కనపడుతుంది గానీ బంగారం. ఆర్డరు మీకు పంపనే లేదని డిస్పాచ్ రిజిస్టరే చెప్తే గడువు గొడవ సగం తీరినట్టే.

30 రోజుల్లో జవాబు రావాలి. రాకపోయినా, సగం సగం ఇచ్చినా అదే ఆఫీసులోని పై అధికారికి మొదటి అప్పీలు, తర్వాత సమాచార కమిషన్. తప్పు చేసిన సమాచార అధికారికి రోజుకి 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా పడొచ్చు, అందుకే మామూలు అర్జీకి పలకని ఆఫీసు దీనికి పలుకుతుంది.

హెచ్చరిక: ఆర్టీఐ జవాబు వచ్చాక అప్పీలు వేద్దాంలే అని కూర్చోవద్దు. మీ అసలు అప్పీలు గడువు 30 రోజులే అయితే ఆ లోపు ఉన్న కాగితాలతోనే వేసేయండి, "అదనపు ఆధారాలు దాఖలు చేసే హక్కు ఉంచుకుంటున్నాను" అని ఒక లైను పెట్టండి.

5. ఆర్డరులో తప్పు ఎక్కడుందో పట్టుకోండి

ఇక్కడ చాలామంది తమ కష్టాలన్నీ రాసేస్తారు. అప్పీలు వినే ఆఫీసరు వెతికేది మీ కష్టం కోసం కాదు, కింది ఆర్డరులో దొరికిపోయే తప్పు కోసం. ఆర్డరుని పక్కన పెట్టుకుని ఇవి ఒక్కొక్కటీ చూడండి.

మిమ్మల్ని విన్నారా? ఉన్న హక్కు తీసేసేటప్పుడు, అంటే కార్డు రద్దు, పెన్షన్ ఆపడం, లైసెన్సు క్యాన్సిల్ లాంటివాటికి ముందు నోటీసు ఇచ్చి జవాబు తీసుకోవాలి. 1977లో మేనకా గాంధీ పాస్‌పోర్టుని ప్రజాప్రయోజనం అనే ఒక్క మాటతో స్వాధీనం చేయమన్నారు, కారణం అడిగితే "చెప్పం" అన్నారు, ఆ కేసులో 1978లో వచ్చిన తీర్పుతోనే ఈ వినడం అనేదానికి ఇంత బలం వచ్చింది. అదే కొత్తగా దరఖాస్తు పెట్టినప్పుడు వినలేదు అనే పాయింటు అంత గట్టిగా నిలవకపోవచ్చు, అది కూడా తెలుసుకోండి.

కారణం రాశారా? "పరిశీలించితిమి, తిరస్కరించితిమి" అనేది కారణం కాదు. మీరు చెప్పిన ప్రతి ముఖ్యమైన పాయింటుకీ జవాబు ఉండాలి, దాన్నే స్పీకింగ్ ఆర్డరు అంటారు, ఈ మాట అప్పీల్లో వాడండి, ఆఫీసర్లకి వెంటనే తెలుస్తుంది.

విన్నవాళ్లే తేల్చారా? దీనికి మన కృష్ణా జిల్లా బస్సుల కేసే ఉంది. ప్రైవేటు బస్సు రూట్లని జాతీయం చేసే స్కీము మీద అభ్యంతరాలని విన్నది రవాణా శాఖ సెక్రటరీ, నిర్ణయం ఇచ్చింది ముఖ్యమంత్రి. ఒకరు వినడం ఇంకొకరు తేల్చడం అయితే ఆ వినడానికి అర్థమేముంది అని సుప్రీంకోర్టు ఆ ఆర్డరు కొట్టేసింది, గుళ్లపల్లి నాగేశ్వరరావు కేసు అంటారు. మీ హియరింగ్ అయ్యాక ఆఫీసరు ట్రాన్స్‌ఫర్ అయి, కొత్తాయన వచ్చి మిమ్మల్ని పిలవకుండా ఆర్డరు రాసేస్తే ఇదే పాయింటు.

ఆఫీసరు సొంతంగా తేల్చాడా, ఎవరో చెప్తే చేశాడా? నోట్‌ఫైల్లో "పై వారి మౌఖిక ఆదేశాల మేరకు" లాంటి ముక్క దొరికితే దాన్ని వదలొద్దు. బొంబాయిలో పోలీసు కమిషనరు సినిమా హాలుకిచ్చిన పర్మిషన్‌ని ప్రభుత్వం చెప్పిందని రద్దు చేస్తే, చట్టం ఆ పవర్ కమిషనరుకిచ్చింది గానీ ప్రభుత్వానికి కాదని 1951లోనే సుప్రీంకోర్టు తేల్చింది.

స్వార్థం ఉందా? తేల్చిన మనిషికి అవతలి పార్టీతో చుట్టరికమో లాభమో ఉంటే. క్రైపాక్ కేసులో సెలెక్షన్ బోర్డులో కూర్చున్న ఆఫీసరే ఒక క్యాండిడేటు కూడా, తన పేరు వచ్చినప్పుడు లేచి బయటికెళ్లాడు సరే, పోటీదారుల పేర్లు వచ్చినప్పుడు లోపలే ఉన్నాడు. 1969లో ఆ సెలెక్షన్ పోయింది. కానీ ఆధారం లేకుండా "లంచం అడిగాడు" అని అప్పీల్లో రాయకండి. అది ఏసీబీ దగ్గర చెప్పాల్సిన మాట, అప్పీల్లో రాస్తే మిగతా మంచి పాయింట్లు కూడా వినపడకుండా పోతాయి.

ఆఖరిది, మామూలుది, ఎక్కువగా గెలిపించేది: ఫ్యాక్టు తప్పు. ఇచ్చిన కాగితం ఇవ్వలేదని రాయడం, వేరే సర్వే నంబరు చూడటం, అదే పేరున్న ఇంకొకరి ఆదాయం మీకు కలపడం.

6. అప్పీలు రాయండి

రెండు మూడు పేజీలు చాలు. పైన ఎవరికి, ఏ చట్టం ఏ సెక్షన్ కింద, ఏ ఆర్డరు మీద (నంబరు, తేదీ), అది ఎప్పుడు అందింది. తర్వాత జరిగింది తేదీల వరసలో. తర్వాత తప్పులు నంబర్లు వేసి. ఆఖర్న ఏం కావాలో. జతచేసిన కాగితాల లిస్టు.

ఇలా రాస్తే లాభం లేదు: "నేను నిరుపేదను, నాకు తీరని అన్యాయం జరిగినది, దయచేసి న్యాయం చేయగలరని ప్రార్థన."

ఇలా రాయండి: "ఆర్డరు రెండో పేరాలో కుటుంబ సభ్యుల ధ్రువపత్రం జతచేయలేదని రాశారు. అది దరఖాస్తుతో పాటే జనవరి 8న అప్‌లోడ్ అయింది, రసీదులో నాలుగో అటాచ్‌మెంటుగా ఉంది, కాపీ జతచేశాను. విచారణ రిపోర్టు కాపీ నాకు ఇవ్వలేదు, దానిపై నా జవాబు తీసుకోలేదు. కాబట్టి సదరు ఉత్తర్వు రద్దు చేసి మ్యుటేషన్ చేయవలసిందిగా, అలా కానిచో నాకు నోటీసు ఇచ్చి, విని, నిర్ణీత గడువులో కారణాలతో కొత్త ఉత్తర్వు ఇవ్వవలసిందిగా ఆదేశించగలరు."

చూశారా, అడిగేది రెండు మెట్లుగా అడగాలి, ముందు పూర్తి రిలీఫ్, అది కాకపోతే మళ్లీ విచారణ. కేవలం "పరిశీలించమని చెప్పండి" అని అడిగితే పరిశీలించి మళ్లీ కొట్టేస్తారు.

రాశాక ఒక టెస్టు చేయండి, కేసు గురించి ఏమీ తెలియని ఇంట్లోవాళ్లకి ఇచ్చి చదవమనండి. ఏ ఆర్డరు, ఏం తప్పు, ఏం కావాలి, ఈ మూడూ వాళ్లు తిరిగి చెప్పలేకపోతే మళ్లీ రాయండి.

7. స్టే విడిగా అడగండి

అప్పీలు వేశాం కాబట్టి ఆర్డరు ఆగిపోయింది అనుకోవడం పెద్ద ప్రమాదం. చాలా చట్టాల్లో అప్పీలు వేసినంత మాత్రాన ఏదీ ఆగదు. విడిగా స్టే పిటిషన్ పెట్టి, ఆపకపోతే మళ్లీ సరిచేయలేని నష్టం ఏమిటో రాయాలి. పెన్షన్ బకాయి తర్వాత ఇప్పించొచ్చు, కూల్చిన గోడని తిరిగి నిలబెట్టలేరు, ఆ తేడా స్పష్టంగా చెప్పండి.

కూల్చివేత నోటీసు వచ్చినవాళ్లకి: 2024 నవంబరు 13న సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ప్రకారం కూల్చే ముందు 15 రోజుల నోటీసు, వినడం, కారణాలతో ఆర్డరు, ఆ తర్వాత ఇంకో 15 రోజుల వ్యవధి ఉండాలి. కానీ రోడ్లు, ఫుట్‌పాత్‌లు, రైల్వే లైన్లు, నదులు, చెరువుల మీద కట్టినవాటికి ఇది వర్తించదని అందులోనే ఉంది, వాట్సాప్‌లో తిరిగే మెసేజుల్లో ఆ సగం ఉండదు. అలాంటి నోటీసు వస్తే అప్పీలు ఫార్మాట్లు వెతుక్కోకుండా ఆ రోజే లాయర్ని కలవండి.

8. ఇవ్వడం, హియరింగ్

స్వయంగా ఇస్తే తపాలు సెక్షన్‌లో ఇచ్చి మీ కాపీ మీద స్టాంపు, తేదీ, ఇన్‌వర్డ్ నంబరు వేయించుకోండి. "సార్ టేబుల్ మీద పెట్టండి" అన్నారని పెట్టి వచ్చేస్తే ఇచ్చినట్టు ఆధారం ఏదీ ఉండదు. స్టాంపు వేయమంటే తిప్పుతున్నారా, స్పీడ్ పోస్టులో డెలివరీ ప్రూఫ్ తీసుకునేలా పంపండి (రిజిస్టర్డ్ పోస్టుని 2025లో స్పీడ్ పోస్టులో కలిపేశారు), ట్రాకింగ్ పేజీ ప్రింటు తీసి ఫైల్లో పెట్టండి, కొన్నాళ్ల తర్వాత అది వెబ్‌సైట్లో కనపడదు.

హియరింగ్ రోజు నోటితో చెప్పింది ఎవరూ రాసుకోరు అనుకునే వెళ్లండి. ఒక పేజీ రాతపూర్వక వాదన తీసుకెళ్లి ఇచ్చి ఎకనాలెడ్జ్‌మెంటు తీసుకోండి. వాయిదా కావాలంటే కూడా కాగితం మీదే అడగండి. ఖాళీ కాగితం మీద "హాజరైనట్టు" సంతకం అడిగితే, పైన తేదీ, "ఈరోజు హాజరై రాతపూర్వక వాదన ఇచ్చాను" అని మీ చేత్తో రాసి దాని కింద సంతకం పెట్టండి, రాసిన దానికీ సంతకానికీ మధ్య ఖాళీ వదలొద్దు.

ఎమ్మెల్యే లెటరు సంగతి ఇక్కడ చెప్పాలి. నాన్చుతున్న ఫైలుని కదపడానికి "త్వరగా పరిష్కరించగలరు" అని లెటరు పెట్టించడంలో తప్పేం లేదు, ప్రజాప్రతినిధి పని అది. "ఫలానా వారికి అనుకూలంగా ఇవ్వగలరు" అని పెట్టించారో, రేపు అవతలి పార్టీ అదే లెటరు ఆర్టీఐలో తీసి, ఆఫీసరు ఒత్తిడితో చేశాడని మీరు గెలిచిన ఆర్డరునే కొట్టించేస్తుంది. ప్రభుత్వం మారితే ఇంకా తొందరగా.

9. జవాబే రాకపోతే, లేదా ఓడిపోతే: హైకోర్టు

ఏ నిర్ణయమూ చేయట్లేదు అంటే ముందు గట్టిగా ఒక రిప్రజెంటేషన్ ఇచ్చి, ఏ దరఖాస్తు, ఎన్నాళ్లైంది, ఎన్ని రోజుల్లో తేల్చాలి అని రాసి, సహేతుకమైన టైము ఇచ్చి, అప్పటికీ కదలకపోతే రాజ్యాంగం ఆర్టికల్ 226 కింద మాండమస్ రిట్ (ఆఫీసరు తన పని చేయాలని ఆదేశించమని హైకోర్టుని అడగడం). ఆ ముందు కాగితం లేకపోతే "మీరు అసలు అడిగారా" అనే ప్రశ్న దగ్గరే ఆగిపోతుంది.

ఆర్డరు వచ్చిన కేసుల్లో, అప్పీలు ఉండగా నేరుగా రిట్‌కి వెళ్తే మామూలుగా "ముందు అప్పీలు చేసుకోండి" అని పంపేస్తారు. వినకుండా చేసిన ఆర్డరు, అధికారమే లేని ఆఫీసరు చేసిన ఆర్డరు, ప్రాథమిక హక్కు దెబ్బతిన్న కేసు, చట్టం చెల్లుబాటునే ప్రశ్నించడం, ఇవి మినహాయింపులు. మీ కేసు వీటిలో పడుతుందా అన్నది లాయరుతో తేల్చుకోండి.

రిట్‌లో ఎక్కువగా వచ్చే ఆర్డరు "పిటిషనరు రిప్రజెంటేషన్‌ని ఇన్ని వారాల్లో పరిశీలించి తగిన ఉత్తర్వులు ఇవ్వండి" అనేది. ఇంట్లో స్వీట్లు పంచే ముందు దాన్ని రెండుసార్లు చదవండి. పరిశీలించమన్నారు, ఇవ్వమనలేదు. మీ హక్కు ఉందని తేల్చి, ఆ వెలుగులో పరిశీలించమనడం వేరు, ఏమీ తేల్చకుండా పరిశీలించమనడం వేరు అని 2006లో ఏపీఎస్ఆర్టీసీ, జి. శ్రీనివాసరెడ్డి కేసులో సుప్రీంకోర్టు విడమరిచి చెప్పింది. అందుకే మీ లాయరుతో ముందే మాట్లాడుకోండి, కనీసం "నోటీసు ఇచ్చి, విని, కారణాలతో" అనే మాటలు ఆర్డరులో పడేలా అడగమనండి.

డబ్బు లేదని ఆగిపోవద్దు. 1987 లీగల్ సర్వీసెస్ చట్టం కింద మహిళలు, ఎస్సీ ఎస్టీలు, పిల్లలు, వికలాంగులు ఆదాయంతో సంబంధం లేకుండా ఉచిత లాయరుకి అర్హులు, మిగతావాళ్లకి ఆదాయ పరిమితి ఉంటుంది. జిల్లా కోర్టు ఆవరణలో ఉండే న్యాయ సేవాధికార సంస్థకి వెళ్లండి లేదా 15100కి ఫోన్ చేయండి. హైకోర్టు కేసులకి హైకోర్టులోనే విడిగా కమిటీ ఉంది.

10. గెలిచాక

ఆర్డరు సర్టిఫైడ్ కాపీ తీసుకుని, ఒక కవరింగు లెటరుతో కింది ఆఫీసులో మీరే ఇచ్చి స్టాంపు వేయించుకోండి, "వాళ్లకి కోర్టు నుంచి వెళ్తుందిలే" అని వదిలేయకండి. చాలా ఆర్డర్లలో గడువు "కాపీ అందిన తేదీ నుంచి" అని ఉంటుంది, మీరు ఇస్తేనే ఆ గడియారం తిరగడం మొదలవుతుంది.

ఆ తర్వాత ఆఫీసు మాట మీద ఆధారపడకుండా మీరే చెక్ చేసుకోండి. భూమి అయితే పోర్టల్‌లో పేరు, విస్తీర్ణం, సర్వే నంబరు సబ్‌డివిజన్‌తో సహా, ఒక్క సున్నా తేడా వచ్చినా మళ్లీ మొదటికే. పెన్షన్, రేషన్ అయితే పేరు తిరిగి ఎక్కితే సరిపోదు, ఆపిన నెలల బకాయి సంగతి ఆర్డరులో ఉందో లేదో చూడండి, లేకపోతే గడువులోపే దాన్ని అడగాలి. హైకోర్టు ఆర్డరు అమలు చేయకపోతే ధిక్కరణ పిటిషన్ ఏడాదిలోపు వేయాలి, అమలు గడువు ముగిసిన తేదీని ఇప్పుడే ఫోన్ క్యాలెండర్‌లో పెట్టుకోండి, పది నెలలప్పుడు ఒక రిమైండరు కూడా.